నడుం నొప్పితో పది రోజుల విపశ్యన: ఒక టైలరు రివ్యూ

నా నడుంలో డిస్కు ఇప్పటికీ ఉబ్బే ఉంది. పిక్క ఇప్పటికీ లాగుతుంది. అయినా పది రోజులు మౌనంగా ఉండి నేర్చుకునే విపశ్యన ధ్యానం కోర్సుకి ఐదుకి నాలుగున్నర ఇస్తున్నాను. ఎందుకిస్తున్నానో వివరంగా రాస్తాను, ఎందుకంటే నాలాగా రోజంతా కూర్చుని పనిచేసుకునే ఆడవాళ్లు చాలామంది అడుగుతున్నారు. జాకెట్టు కొలతలిస్తూ అడుగుతారు, ఆ కాస్త సేపట్లో చెప్పడం కుదరదు.

నేను గుడివాడలో జాకెట్లు కుడతాను. ఇరవై మూడేళ్లుగా ఇదే పని. మామూలు రోజుల్లో నాలుగు లైనింగు జాకెట్లు, పెళ్లిళ్ల సీజన్లో ఏడెనిమిది, పైన చీరలకి ఫాల్సు, పీకో. కత్తిరించేటప్పుడు నిలబడి వంగాలి, కుట్టేటప్పుడు కుర్చీలో వంగాలి, హెమ్మింగు చేసేటప్పుడు కింద కూర్చుని వంగాలి. నాలుగేళ్ల కిందట ఎడమ పక్క నడుంలో పట్టినట్టు మొదలైంది, మెల్లగా పిరుదు మీదుగా పిక్కలోకి దిగింది. ఎమ్మారై తీయిస్తే నడుం కింది భాగంలో ఎల్‌ఫోర్ ఎల్‌ఫైవ్ అనే రెండు వెన్నుపూసల మధ్య డిస్కు ఉబ్బి నరాన్ని ఒత్తుతోందన్నారు. ఆపరేషన్ అక్కర్లేదు, కొన్నాళ్లు మాత్రలు వాడండి, ఫిజియోథెరపీ మాత్రం మానొద్దు అన్నారు డాక్టరు గారు. నేను సరిగ్గా తిరగేసి చేశాను. ఫిజియోథెరపీ నెలకే మానేశాను, మాత్రలు మూడేళ్లు మింగాను. శ్రావణమాసం వస్తే పొద్దున్న కుర్చీలో కూర్చోబోయే ముందు ఒకటి, సాయంత్రం దీపం పెట్టేవేళకి ఒకటి. మూడో ఏడు కడుపులో మంట మొదలై ఎండోస్కోపీ దాకా వెళ్లింది. "ఈ మాత్రలు ఇలా ఏళ్ల తరబడి వాడేవి కావమ్మా, కడుపే కాదు కిడ్నీలు కూడా చూసుకోవాలి" అన్నారు.

ఈ మధ్యలో విజయవాడలో ఒక మసాజ్ సెంటర్‌కి కూడా వెళ్లాను. పది సిట్టింగుల్లో డిస్కు లోపలికి వెళ్లిపోతుందని 18 వేలు ముందే కట్టించుకున్నారు. నాలుగో సిట్టింగులో బోర్లా పడుకోబెట్టి మోకాలితో నొక్కితే వారం రోజులు మంచం దిగలేదు. మిగతా డబ్బులు అడిగితే కోర్సు పూర్తి చేయకపోవడం మీ తప్పన్నారు. ఇది రాయడానికి కారణం ఒకటే. డిస్కు లోపలికి తోస్తాం, నరం సరిచేస్తాం, వంద శాతం గ్యారంటీ అని ఎవరన్నా చెబితే ఆ గుమ్మంలోంచే వెనక్కి వచ్చేయండి.

విపశ్యన గురించి నాకు చెప్పింది రిటైరైన టీచరు గారు. పదేళ్లుగా ఆవిడ జాకెట్లు నేనే కుడుతున్నాను. ఒకరోజు ఫిటింగు చూసుకోవడానికి వచ్చి, నేను గోడ పట్టుకుని లేవడం చూశారు. "అమ్మాయ్, పది రోజులు నీది కాదనుకుని ఒకచోటికి వెళ్లి రా. కానీ నొప్పి పోతుందని మాత్రం వెళ్లకు" అన్నారు. నొప్పి పోనప్పుడు వెళ్లడమెందుకండీ అన్నాను. ఆవిడ గోయెంకా గారి కథ చెప్పారు.

సత్యనారాయణ గోయెంకా 1924లో బర్మాలోని మాండలేలో, మార్వాడీ వ్యాపారస్తుల ఇంట్లో పుట్టారు. ఆయనకి మైగ్రేన్ తలనొప్పి. మార్ఫిన్ ఇంజక్షన్ ఇస్తే తప్ప తగ్గని నొప్పి. డబ్బుంది కాబట్టి యూరప్, అమెరికా, జపాన్ తిరిగి డాక్టర్లకి చూపించుకున్నారు, తగ్గలేదు. 1955లో రంగూన్లో సయాజీ ఊ బా ఖిన్ దగ్గరికి వెళ్లారు. ఊ బా ఖిన్ సన్యాసి కాదు, బర్మా ప్రభుత్వంలో అకౌంటెంట్ జనరల్‌గా చేసిన గృహస్థు. తలనొప్పి తగ్గించుకోవడానికి వచ్చానంటే ఆయన మొదట చేర్చుకోనేలేదు. ఇది మనసుని శుభ్రం చేసుకునే విద్య, తలనొప్పి మందుగా దీన్ని అడగొద్దన్నారు. అందుకు ఒప్పుకున్నాకే చేర్చుకున్నారు. గోయెంకా గారు 14 ఏళ్లు గురువు దగ్గర నేర్చుకుని 1969లో ఇండియా వచ్చి నేర్పడం మొదలుపెట్టారు. 2013లో పోయారు. ఇప్పటికీ ప్రతి కోర్సులోనూ ఆయన రికార్డు గొంతే పాఠం చెబుతుంది, దగ్గర సహాయక ఆచార్యులు కూర్చుంటారు.

నొప్పి కోసం వచ్చినవాణ్ణి నొప్పి కోసం రావద్దన్న గురువు మాట నాకు నచ్చింది. 18 వేలు కట్టి వచ్చినదాన్ని కదా, గ్యారంటీ ఇవ్వనివాళ్ల మీద నమ్మకం కుదిరింది.

మన రెండు రాష్ట్రాల్లో హైదరాబాద్ వనస్థలిపురం పక్కన, నాగార్జునసాగర్లో, ఏలూరు దగ్గర విజయరాయిలో కేంద్రాలున్నాయి. ఇంకా ఉన్నాయి. ఆన్‌లైన్లో ఫారం నింపాలి. అందులో ఒంట్లో ఏ జబ్బులున్నాయి, ఏ మందులు వాడుతున్నారు, మనసుకి సంబంధించిన చికిత్స ఏదైనా జరిగిందా అని అడుగుతారు. ఒక్కటి కూడా దాచకండి. నేను డిస్కు సంగతి, కడుపు మాత్రల సంగతి రాశాను. డాక్టరు రాసిన మందులు తెచ్చుకోవచ్చన్నారు. ఫీజు లేదు. తిండికీ లేదు, గదికీ లేదు. కోర్సు పూర్తయ్యాక ఇవ్వాలనిపిస్తే దానం ఇవ్వచ్చు, లేకపోతే లేదు. అలాగని నాకు ఖర్చు లేదనుకోకండి. పది రోజుల కోర్సంటే రానూపోనూ కలిపి పన్నెండు రోజులు. రోజు గడిస్తేనే డబ్బులొచ్చే మాలాంటివాళ్లకి పన్నెండు రోజులంటే ఎనిమిది, తొమ్మిది వేలు. అందుకే ఆషాఢం చూసుకుని వెళ్లాను. పెళ్లిళ్లుండవు, జాకెట్లు తక్కువ.

మొదటి సాయంత్రం ఫోను తీసుకుంటారు. పుస్తకాలు, పెన్ను ఉండకూడదు. ఆ రాత్రి నుంచి పదో రోజు పొద్దుటి దాకా మౌనం. మాటే కాదు, సైగ కూడా చేయకూడదు. ఆడవాళ్లు, మగవాళ్లు వేరువేరు. తెల్లవారుజామున 4 గంటలకి గంట కొడతారు, 4:30కి మొదలు, రాత్రి 9:30కి దీపాలార్పడం. మధ్యలో కలిపితే పది గంటల పైన ధ్యానమే. 6:30కి టిఫిను, 11కి భోజనం, సాయంత్రం 5కి టీ, కాస్త మరమరాలు, పండు. రాత్రి భోజనం లేదు. ఆకలి గురించి నేను పడ్డ భయం మూడో రోజుకే పోయింది.

నడుం నొప్పివాళ్లకి అసలు విషయం ఇక్కడ చెప్పాలి. మొదటి మూడు రోజులు నొప్పి పెరగొచ్చు. నాకు బాగా పెరిగింది. మూడు దిండ్లు మార్చాను, గోడకి ఆనుకుంటానని అడిగాను. రెండో రోజు మధ్యాహ్నం ఆచార్యురాలిని కలిసే వేళలో వెళ్లి, "నేనుండలేనమ్మా, ఎడమ కాలు తిమ్మిరెక్కి నాది కాకుండా పోతోంది" అన్నాను. ఆవిడ కాలు బలం తగ్గిందా, నడవగలుగుతున్నారా అని ముందు అవే అడిగారు. నడుస్తున్నానన్నాక, "కుర్చీ తీసుకోండమ్మా. కింద కూర్చోవడం ఇక్కడ గొప్ప కాదు" అన్నారు. ఆ రోజు నుంచి కుర్చీలోనే కూర్చున్నాను. మీరూ మొదటి రోజే అడగండి, నాలా రెండు రోజులు పంతానికి పోకండి.

ఆ మూడు రోజులూ చేయించేది ఆనాపానం. ఊపిరి వస్తోంది, పోతోంది, దాన్ని చూడడమే. లెక్కపెట్టొద్దు, మంత్రం వద్దు, గట్టిగా పీల్చొద్దు. మూడో రోజుకి చూసే చోటు ముక్కు కింద, పై పెదవి మీదికి కుదించారు. జాకెట్టు హుక్కంత చోటు. లోపలికి వెళ్లే గాలి చల్లగా, బయటికొచ్చేది గోరువెచ్చగా అక్కడ తగులుతుంటే మొదటిసారి తెలిసింది. నలభై ఆరేళ్లుగా అక్కడే ఉంది ఆ గాలి. సూదిలో దారం ఎక్కించేటప్పుడు ఊపిరి బిగపడతాం చూడండి, ఆ చూపు మనసుకి వచ్చింది, ఊపిరి బిగపట్టకుండానే.

నాలుగో రోజు మధ్యాహ్నం విపశ్యన మొదలు. తల నుంచి కాలి వేళ్ల దాకా, ఒక్కో చోటా ఏం తెలుస్తోందో చూసుకుంటూ దిగడం, మళ్లీ ఎక్కడం. అప్పటి నుంచి రోజుకి మూడుసార్లు, గంటసేపు చెయ్యి, కాలు కదపకుండా, కళ్లు తెరవకుండా కూర్చోమంటారు. దాన్ని అధిష్ఠానం అంటారు.

ఐదో రోజు సాయంత్రం ఆరింటి కూర్చోవడంలో నాకు జరిగింది చెప్తాను. నేను రాయదలుచుకున్నదంతా ఈ గంట గురించే.

ఆసుపత్రికి వెళ్తే నొప్పి ఒకటి నుంచి పదిలో ఎంత అని అడుగుతారు. నేను ఎనిమిది అనేదాన్ని. కానీ మా అమ్మకి నొప్పులు పదిరకాలు. సలుపు వేరు, పోటు వేరు, తీపు వేరు, చురుకు వేరు, లాగడం వేరు, జివ్వుమనడం వేరు, తిమ్మిరి వేరు, మంట వేరు. నాలుగేళ్లలో నేను ఇవన్నీ పోగొట్టుకుని "నొప్పి" అన్న ఒక్క ముద్ద పట్టుకుని తిరిగాను. ఆ సాయంత్రం కదలకూడదు కాబట్టి ఆ ముద్దలోకే చూడాల్సి వచ్చింది. చూస్తే ముద్ద లేదు. నడుం ఎడమ పక్క, చీర కుచ్చిళ్ల ముడికి సూటిగా వెనకాల, అణాబిళ్లంత మేర వేడి. దాని అంచున సూదిపోటు, అదీ ఆగి ఆగి. పిరుదు దగ్గర ఏమీ లేదు, ఉత్త బరువు. పిక్కలో లాగడం, బాబినులో దారం బిగిస్తే గుడ్డ ముడుచుకున్నట్టు. అది పెరిగింది, ఇంక చాలు అనుకునేంత పెరిగింది, ఆ పైన సన్నబడింది. మళ్లీ వచ్చింది. మళ్లీ వచ్చినప్పుడు అదే చోట లేదు, రెండు వేళ్లు కిందికి జరిగింది.

అది జరుగుతున్నంతసేపూ పక్కన ఇంకొకటి నడుస్తోంది. డిస్కు ఇంకా ఉబ్బిందేమో. రేపు కుర్చీలోంచి లేవలేనేమో. మిషను అమ్మేయాలేమో. పిల్ల నర్సింగు ఆఖరి ఏడు ఫీజు ఎవరు కడతారు. ఇవేవీ నడుంలో లేవు. ఇవి దవడలో ఉన్నాయి, బిగిసిన పిడికిట్లో ఉన్నాయి, కడుపు పైభాగంలో ఉన్నాయి. నాలుగేళ్లుగా ఆ రెంటినీ కలిపి ఒకే కుట్టు వేసేసి ఉన్నాను, అసలు గుడ్డ ఏది, లైనింగు ఏది తెలియకుండా. కుట్టు ఎక్కడుందో కనిపిస్తే విప్పడం మా పనివాళ్లకి తెలుసు. ఒక్కో పోగూ ఎత్తి తెంపాలి, లాగితే గుడ్డ చిరుగుతుంది. దవడ వదిలాను. పిడికిలి వదిలాను. నడుంలో వేడి అలాగే ఉంది. దాని మీదున్న బరువు తగ్గింది. గంట అయ్యేసరికి నా కళ్లవెంట నీళ్లు కారి మెడ తడిసింది, ఏడుపు మాత్రం కాదు.

ఇంటికొచ్చాక మా అమ్మాయికి ఇదంతా చెప్పాను. నర్సింగు చదువుతోంది కాబట్టి దానికి ఆశ్చర్యమనిపించలేదు. "అమ్మా, మాకు పాఠమే ఉంది" అని 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు చెప్పిన గేట్ సిద్ధాంతం వివరించింది. నొప్పి కబురు నరాల నుంచి నేరుగా మెదడుకి పోదట, వెన్నుపాములో తలుపులాంటిది ఉంటుందట. దెబ్బ తగిలిన చోట రుద్దుకుంటే, కాపడం పెడితే తగ్గేది అందుకేనట. ఆ తలుపు మెదడు నుంచి కిందికొచ్చే కబుర్లకీ తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. భయం, కంగారు దాన్ని బార్లా తెరుస్తాయి. అమెరికాలో జాన్ కబట్ జిన్ అనే ఆయన 1979లో ఆసుపత్రిలోనే ధ్యానం నేర్పే ఎనిమిది వారాల పద్ధతి పెట్టారని, దాన్ని తర్వాత వేరే పరిశోధకులు పాత నడుం నొప్పి ఉన్న 342 మంది మీద పరీక్షించి 2016లో ఫలితాలు ప్రచురించారని చూపించింది. మూడు గుంపులు చేశారు. ఆర్నెల్ల తర్వాత ధ్యానం నేర్చుకున్నవాళ్లలో నూటికి 60 మందికి రోజువారీ పనుల్లో మెరుగు కనిపించింది, మామూలు వైద్యంతోనే ఉన్నవాళ్లలో 44 మందికి. ఆలోచనల తీరు మార్చే మాటల చికిత్స తీసుకున్నవాళ్లకీ ఇంచుమించు ధ్యానంవాళ్లంత మెరుగే. అంటే ధ్యానం ఒక్కటే దారి కాదు. పైగా అది ఈ పది రోజుల కోర్సు మీద చేసిన పరీక్ష కాదు, అది గుర్తుపెట్టుకోండి. 2017లో అమెరికా ఫిజీషియన్ల కాలేజీ నడుం నొప్పికి ఇచ్చిన సూచనల్లో కూడా పాత నొప్పికి మందుల కంటే ముందు వ్యాయామం, యోగా, ధ్యానంలాంటివి చూడమన్నారట.

అసలు పరీక్ష నాకు శ్రావణంలో జరిగింది. కోర్సు నుంచి వచ్చిన మూడో వారానికే వరలక్ష్మీ వ్రతం, 31 జాకెట్లు. క్యాలెండర్లో మాత్ర వేసుకున్న రోజున ఎర్ర చుక్క పెట్టుకున్నాను. అంతకుముందు ఏడు శ్రావణంలో ఆరు షీట్లు కొన్నట్టు మందుల షాపు చీటీలున్నాయి. ఈసారి నెల మొత్తానికి తొమ్మిది చుక్కలు. మాత్రలు తగ్గించడం కూడా డాక్టరు గారిని అడిగే చేశాను. ఆ తొమ్మిది మాత్రలూ అవసరమై వేసుకున్నవే. వ్రతం ముందు రోజు రాత్రి పదకొండున్నరకి పిక్క పట్టేసినప్పుడు ధ్యానం చేయలేదు, మాత్ర వేసుకుని పడుకున్నాను.

ఈ మార్పంతా విపశ్యనదే అంటే అబద్ధమవుతుంది. వచ్చాక మానేసిన ఫిజియోథెరపీ వ్యాయామాలు మళ్లీ మొదలుపెట్టాను, రోజూ ఇరవై నిమిషాలు. మిషనుకి మోటారు పెట్టించాను. కుర్చీ రెండంగుళాలు ఎత్తు చేయించాను. నలభై నిమిషాలకోసారి లేచి వీధి గుమ్మం దాకా నడుస్తాను. రాత్రి ఆముదం గోరువెచ్చగా రాసి, రాళ్లుప్పు గుడ్డలో మూటకట్టి పెనం మీద వేడిచేసి కాపడం పెట్టించుకుంటాను, అది డిస్కుని ఏమీ చేయదు, కండ మాత్రం వదులవుతుంది, నిద్ర పడుతుంది. ఇవన్నీ నాలుగేళ్ల కిందటే నాకు తెలుసు. భయంతో ఉన్నప్పుడు కదిలితే డిస్కు జారిపోతుందని కదల్లేదు. భయం వదిలాకే వ్యాయామం చేయగలిగాను. నాకు కోర్సు చేసిన మేలు సరిగ్గా అదే.

అర మార్కు ఎందుకు తగ్గించానంటే, ఇంటికొచ్చాక పొద్దున గంట, సాయంత్రం గంట చేయమంటారు. వంట, షాపు, ఇల్లు చూసుకునే ఆడమనిషికి అది చాలా కష్టం. నేను పొద్దున్న నలభై నిమిషాలు చేస్తున్నాను, సాయంత్రం కుదిరితే పావుగంట. రాత్రి ప్రవచనాల్లో జన్మల గురించి వచ్చే మాటలు నాకు పట్టలేదు. అవి నమ్మకపోయినా సాధనకి అడ్డు రాలేదు. ప్రవచనాలు తెలుగులో విన్నాను, భాష ఇబ్బంది లేదు.

మనసుకి సంబంధించిన తీవ్రమైన జబ్బుకి మందులు వాడుతున్నవాళ్లు, ఈమధ్యే ఇంట్లో పెద్ద దుఃఖం జరిగినవాళ్లు ముందు డాక్టరుతో, కేంద్రంవాళ్లతో మాట్లాడకుండా వెళ్లొద్దు. పది రోజుల మౌనంలో లోపలున్నదంతా పైకొస్తుంది, అది తట్టుకునే స్థితి ఉండాలి. నడుం నొప్పితో పాటు కాలు బలం తగ్గిపోతున్నా, తొడల మధ్య మొద్దుబారినా, ఒంటికి, రెంటికి పట్టు తప్పినా, జ్వరమొస్తున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా ధ్యానం మాట పక్కనపెట్టి ఆసుపత్రికి పరిగెత్తండి. ఒకటి రెండు రోజులు చూద్దాంలే అనొద్దు.

వచ్చే ఆషాఢానికి మళ్లీ పేరిచ్చాను. ఈసారి మా చెల్లెలూ వస్తానంటోంది. దానికి మైగ్రేన్. "తలనొప్పి తగ్గుతుందంటావా అక్కా?" అని అడిగింది. టీచరు గారు నాకు చెప్పిందే చెప్పాను. దగ్గర కూర్చుని ఫారం నేనే నింపాను, తలనొప్పి ఎన్నాళ్ల నుంచి, ఏ మాత్ర ఎంత, డాక్టరు ఎవరు అన్నీ రాయించాను. జవాబు ఇంకా రాలేదు.